విజయనగరంలో నేను వెళ్లే నాటుకోళ్ల కొట్టు

గంటస్తంభం నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, సందులో ఉందీ కొట్టు. ఏడాదిగా ఇక్కడే కొంటున్నాను. ఇంతకుముందు వెళ్లిన చోట కోళ్లని కాళ్లు కట్టేసి, సైకిల్ హ్యాండిల్‌కి తలకిందులుగా వేలాడదీసి తెచ్చేవారు. ఒకసారి మా గుంట చూసి "నాన్నా, దాని కళ్లు మూసుకుపోతున్నాయి" అంది. ఆ రోజు కూర నాకు గొంతు దిగలేదు. నొప్పి కలిగేలా జంతువుని మోసుకెళ్లడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

ఇక్కడ వెదురు గంపల్లో తెస్తారు. కాటా మీద గంపతోనే పెట్టి, తర్వాత గంప బరువు తీసేస్తారు. కోడిని పైకి తీసేటప్పుడు కొట్టాయన రెండు రెక్కలూ ఒంటికి అదిమి, పొట్ట కింద అరచెయ్యి ఆనిస్తాడు. అది గింజుకోదు, అరవదు. ఎందుకంత జాగ్రత్త అంటే "కోసేదాకా అది కోడే కద బావూ, కూర కాదు" అన్నాడు.

2010లో మనస్తత్వ పరిశోధకులు కొందరికి ఎండు గొడ్డుమాంసం, కొందరికి జీడిపప్పు తినిపించి ఆవుల గురించి అడిగారు. మాంసం తిన్నవాళ్లకి జంతువుల మీద పట్టింపు తగ్గింది. నేనూ తినేవాణ్ణే. అందుకే ఆయన మాట నన్ను వదల్లేదు.

వేరే చోట్లకంటే కిలోకి 40 రూపాయలు ఎక్కువే, ఇస్తాను. ఒక్కటే బాధ: పక్క గంపలో కోళ్లకి కనబడేలా కోస్తారు. గోనెపట్టా అడ్డం కట్టమన్నాను. వచ్చే ఆదివారానికి కడతానన్నాడు.