వారంటీ లేదన్న మదర్‌బోర్డు: పోరాటమా, రిపేరా, కొత్తదా?

కొన్న పందొమ్మిదో నెలలో నా కంప్యూటర్ మదర్‌బోర్డు చచ్చిపోయింది. మూడేళ్ల వారంటీ ఉంది, జీఎస్టీ బిల్లు భద్రంగా ఉంది. నిశ్చింతగా సర్వీస్ సెంటర్‌లో ఇచ్చి వచ్చాను. వారం తర్వాత కబురు వచ్చింది: ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌లో పిన్నులు వంగాయి, అది వాడినవారి తప్పు, వారంటీ వర్తించదు. వంగిన పిన్నులతో ఇన్నాళ్లు ఎలా పనిచేసిందని అడిగితే కౌంటర్‌లోని అబ్బాయి ఫొటో చూపించాడు. నిజమే, వంగి ఉంది. ప్రాసెసర్‌ను నేను తీసింది బోర్డు ఇవ్వబోయే ముందు ఒక్కసారే. అప్పుడు నా చేతిలో వంగిందో, వాళ్ల బల్ల మీద వంగిందో తేల్చే ఆధారం నా దగ్గర లేదు.

ఈ పేచీకి బీజం సాకెట్ తయారీలోనే ఉంది. పిన్నులను ప్రాసెసర్ అడుగు నుంచి తీసి బోర్డు మీద పెట్టే పద్ధతిని ప్రాసెసర్ల కంపెనీ ఇంటెల్ 2004లో ఎల్‌జీఏ 775 అనే సాకెట్‌తో మామూలు కంప్యూటర్లకు తెచ్చింది. దాని పోటీ కంపెనీ ఏఎండీ 2022లో ఏఎం5 సాకెట్‌తో అదే దారి పట్టింది. ఎల్‌జీఏ 1700 సాకెట్‌లో వెంట్రుకల్లాంటి పిన్నులు 1,700. కుదరదనాలనుకునే కంపెనీకి అన్ని సాకులు.

నేను రిపేరు దారి పట్టాను. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీలో చిప్ లెవెల్ పని, అంటే బోర్డు మీది చిన్న భాగాలను బాగుచేసే పని, చేసే ఒకాయన బోర్డును మైక్రోస్కోపు కింద పెట్టి కాస్త ఏటవాలుగా వంచాడు. వెలుతురు పడి వరుసలన్నీ ఒక్కలా మెరిశాయి, ఒక మూల రెండు చుక్కలు తప్ప. సన్నని సూదితో ఆ రెండింటినీ లేపాడు. బోర్డు మాత్రం లేవలేదు. మీటరు పట్టుకుని ప్రాసెసర్ పక్కన కరెంటు ఇచ్చే భాగాలను ఒక్కొక్కటీ తడిమి, ‘సార్, పిన్నుల సంగతి వదిలేయండి, అసలు రోగం ఇదిగో’ అన్నాడు. కరెంటును అదుపు చేసే మాస్‌ఫెట్ అనే చిన్న భాగం ఒకటి షార్టయింది. అంటే కంపెనీ ఉచితంగా బాగుచేయవలసిన లోపమే. 2,800 రూపాయలు, రెండు రోజులు. పద్నాలుగున్నర వేల బోర్డుకు అది దండగ కాదు.

అయితే ఆ సూది తగిలిన క్షణమే నా వారంటీ వాదన చచ్చింది. బయటివాళ్లు ముట్టుకున్నారన్న మాట చాలు వాళ్లకు. కంప్యూటర్ వస్తువుల మీది ‘ఈ స్టిక్కరు చింపితే వారంటీ పోతుంది’ లాంటి బెదిరింపులు తమ చట్టం ప్రకారం చెల్లకపోవచ్చని అమెరికా ప్రభుత్వ వాణిజ్య నియంత్రణ సంస్థ ఎఫ్‌టీసీ 2024 జులైలో ఏఎస్‌రాక్, గిగాబైట్, జోటాక్‌లకు హెచ్చరిక లేఖలు రాసింది. ఆ చట్టం మనకు వర్తించదు.

మా ఆఫీసులో ఒకాయన పోరాటం ఎంచుకున్నారు. ఆయనది వేరే కంపెనీ, చెప్పిన సాకు మాత్రం అదే. ముందు కంపెనీకి మెయిల్, తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. వస్తువు ధర అయిదు లక్షల లోపయితే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, కేసు వేయడానికి గడువు రెండేళ్లు. వస్తువును పరీక్షించవలసి వస్తే అయిదు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. కమిషన్ మెట్లు ఎక్కినవారికి ఆ అయిదు నెలల సంగతి తెలుసు. ఆయనకు అంత దూరం పోనక్కరలేకపోయింది. ఏడో వారంలో బోర్డు మార్చి ఇచ్చారు. అదీ కొత్తది కాదు, బాగుచేసినది. వారంటీ మిగిలిన నెలలకే. ఆ ఏడు వారాలు అరువు ల్యాప్‌టాప్‌తో నెట్టుకొచ్చారు.

కొత్తది కొనడం తేలిక అనిపిస్తుంది కానీ పాత సాకెట్ బోర్డు దుకాణాల్లో దొరకడమే కష్టం. సాకెట్ మారిందంటే ప్రాసెసర్ మారాలి. ఏఎం5, ఎల్‌జీఏ 1851 లాంటి కొత్త సాకెట్లకు వెళితే పాత డీడీఆర్4 రకం ర్యామూ పనికిరాదు. సెకండ్ హ్యాండ్ బోర్డు కొంటే ఇదే జూదం మళ్లీ మొదటి నుంచి ఆడాలి.

ఏది మేలంటే, నా ఓటు రిపేరుకే, బోర్డు పదిహేను వేల లోపయితే. అంతకు మించితే, చేతిలో వేరే కంప్యూటర్ ఉంటే, పోరాడాలి. కానీ వరుస ముఖ్యం. పోరాడి ఓడాక రిపేరుకు వెళ్లవచ్చు, రిపేరు చేయించాక పోరాటానికి దారి దాదాపు మూసుకుపోయినట్టే. నేను తలకిందులుగా చేశాను.

మా ఆఫీసాయన గెలవడానికి మరో కారణం ఉంది. బోర్డు ఇచ్చేటప్పుడే సాకెట్‌కు, సీరియల్ నంబరుకు కలిపి ఫొటో తీసుకున్నారు. ‘పిన్నులు సరిగా ఉన్నాయి’ అని జాబ్ షీటు మీద రాసివ్వమన్నారు. కౌంటర్‌లో అమ్మాయి అలా రాయడం తమకు అలవాటు లేదంది. అయితే బోర్డు ఇంటికి తీసుకెళతానమ్మా అన్నారట. ఆమె లోపలికి వెళ్లి లెన్స్ తెచ్చి, అయిదు నిమిషాలు చూసి, రాసి సంతకం చేసింది.