పేకాట మాది, ఫ్రీ రూమ్ వదినది

మా ఇంట్లో పేకాట అంటే సంక్రాంతి మూడు రోజులూ అరుగు మీద చాప పరిచి ఆడే రమ్మీ. మద్రాసు వచ్చి స్థిరపడ్డాక కూడా సాలిగ్రామంలో ఆదివారం సాయంత్రం నలుగురు తెలుగువాళ్లం కలిస్తే అదే. హోల్డెమ్ పోకర్ (చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా పరిచే ఐదు ముక్కలతో పందెం కాసే ఆట) నాకు అంటించింది మా అన్నయ్య. ఒంగోలు నుంచి పినాకినిలో దిగినప్పుడల్లా ఒక చేతిలో వదిన పెట్టిన ఆవకాయ జాడీ, ఇంకో చేతిలో చిప్స్, అంటే పందెం బిళ్లల పెట్టె. ఆయన సరదా తీర్చడానికే రెండేళ్లలో రెండు ఓడలెక్కాం. ఒకటి చెన్నై హార్బర్ నుంచి రెండు రాత్రులు, ఇంకొకటి సింగపూర్ నుంచి నాలుగు రాత్రులు. ఓడలో పేకాడి పాయింట్లు కూడబెడితే తర్వాతి ట్రిప్పు ఫ్రీగా వస్తుందని ఎవరో ఆయన చెవిలో వేశారు. అసలు గొడవంతా అక్కడ మొదలైంది.

ముందు చెన్నై ఓడ. టాక్సీ హార్బర్ గేటు దగ్గరే ఆగిపోయింది. అక్కడి నుంచి బస్సులో టెర్మినల్‌కి తీసుకెళ్లారు. జూన్ ఎండలో గేటు దగ్గర పెట్టెలతో నిలబడ్డ ముప్పావుగంట మాత్రం మర్చిపోలేను. పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లు గొడుగు, మంచినీళ్ల సీసా చేతి సంచిలోనే ఉంచుకోండి, పెద్ద పెట్టెలో పెడితే అది ముందే లోపలికి వెళ్లిపోతుంది. మాకిచ్చింది కిటికీ లేని గది. ఇద్దరూ ఒకేసారి నిలబడి చీర మడత పెట్టలేరు, అంత. తిండికి మాత్రం వంక పెట్టను. పొద్దున్నే ఇడ్లీ, పొంగల్, జైనులకి వేరే కౌంటర్. సాంబారు మన మద్రాసు సాంబారే.

కాసినో ఎక్కగానే తెరవరు. ఓడ తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్లు దాటాలి. అప్పటిదాకా బల్లల మీద గుడ్డలు కప్పి ఉంచారు. పైన డెక్ మీద నిలబడి లైట్‌హౌస్ వెలుగు చిన్నదైపోవడం చూస్తూ అన్నయ్య గడియారం చూసుకున్నంతగా ముహూర్తాలప్పుడు పురోహితుడు కూడా చూసుకోవడం నేను చూడలేదు.

తీరా తెరిచాక, అసలు పోకర్ బల్లే లేదు! మనుషులతో మనుషులు ఆడే హోల్డెమ్ కాదు, డీలర్‌తో ఆడే త్రీ కార్డ్ పోకర్ ఉంది. "ఇదేం పోకర్రా, మన మూడు ముక్కలాటకి కోటు తొడిగారు" అన్నాడు అన్నయ్య. నిజమే. కాకపోతే దానికో సూత్రం ఉంది. చేతిలో రాణి, 6, 4 గానీ అంతకంటే మంచి ముక్కలు గానీ వస్తే ఆడాలి, తక్కువొస్తే పడేయాలి. ఇలా తప్పు లేకుండా ఆడినా మామూలు చెల్లింపు పట్టికతో మొదటి పందెంలో సగటున 3.37 శాతం కాసినోకే పోతుంది. గంటసేపు ఆడి లేచాం. సిగరెట్ పొగ ఒకటి. చిన్న గది, గుంపు, ఆ పొగకి కళ్లు మండాయి. పాయింట్లకి కార్డు కావాలా అని మమ్మల్నెవరూ అడగలేదు, మాకూ అడగాలని తోచలేదు.

రెండో ఏడు సింగపూర్. మీనంబాకంలో రాత్రి ఫ్లైట్ ఎక్కితే నాలుగు గంటల పై చిల్లర. మెరీనా బే క్రూయిజ్ సెంటర్‌లో చెకిన్ అరగంటలో అయిపోయింది. హార్బర్ గేటు గుర్తొచ్చి మా ఆవిడ నన్నో చూపు చూసింది. గదికి బాల్కనీ ఉంది. దానికోసం ఎక్కువ కట్టాం, కట్టినందుకు బాధ లేదు. ఓడ ఎంత పెద్దదంటే ఊగుతున్నట్టు తెలియనే తెలియదు, పైగా మలక్కా జలసంధి ప్రశాంతంగా ఉంటుంది. చెన్నై ఓడలో మాత్రం బంగాళాఖాతం రెండో రాత్రి మా కడుపులో చెయ్యి పెట్టి కలిపింది.

ఇక్కడ అసలైన పోకర్ బల్ల ఉంది. 2, 5 డాలర్ల బ్లైండ్లు (ముక్కలు చూడకముందే ఇద్దరు పెట్టాల్సిన పందేలు), కూర్చోవాలంటే కనీసం 200 డాలర్లు. ముందే ఒక మాట చెప్తాను. డాలర్లు నోట్ల రూపంలో తీసుకెళ్లండి. గది తాళం కార్డు మీద కాసినోకి డబ్బు తీసుకుంటే మాకు 5 శాతం కోత పడింది. ఒక్క ముక్క కూడా పంచకముందే 200కి 10 డాలర్లు.

ఒక పాట్, అంటే ఒక ఆటలో బల్ల మధ్య పోగైన పందెం డబ్బు, సంగతి చెప్తాను. నా చేతిలో ఇస్పేటు ఆసు, ఇస్పేటు రాజు. బల్ల మీద మొదటి మూడూ ఆటీను ఆసు, కళావరు తొమ్మిది, ఇస్పేటు నాలుగు. ఎదురుగా ఒక పెద్దాయన, కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని, ఉన్నదంతా మధ్యలోకి నెట్టాడు. నేను కాల్ అన్నాను, అంటే ఆయన పందేనికి సమానంగా పెట్టాను. ఆయన దగ్గర కూడా ఆసే ఉంది, పక్కన మాత్రం నా రాజు కంటే చిన్నదైన రాణి. మిగతా రెండు ముక్కలూ ఎవరికీ పనికిరాలేదు. పాట్ 180 డాలర్లు. డీలరమ్మాయి నాకు తోసే ముందు అందులోంచి 18 డాలర్ల చిప్స్ తీసి, బల్లలో ఉన్న సన్నని చీలికలోకి ఒక్కొక్కటే వదిలింది. టక్, టక్ మని చప్పుడు. అదే రేక్, ఆట నడిపినందుకు ఓడ తీసుకునే వాటా. ఇక్కడ పదోవంతు.

గంటకి పాతిక ఆటలు, సగటు పాట్ 60 డాలర్లు అనుకుంటే ఆ చీలికలోకి గంటకి 150 డాలర్లు పోతాయి. ఎనిమిది మంది కూర్చుంటే తలకి సుమారు 19. అంటే గంటకి 19 డాలర్లు గెలిచేంత బాగా ఆడినవాడు ఉన్నచోటే ఉంటాడు. నేను మూడు రాత్రుల్లో 14 గంటలు ఆడి 310 డాలర్లు మిగుల్చుకున్నాను. నా ప్రతిభ ఏమీ లేదు, సెలవు మూడ్‌లో ఉన్నవాళ్లు ప్రతి ఆటకీ డబ్బు పెడతారు, అంతే.

ఇక పాయింట్లు. నాలుగో రోజు మధ్యాహ్నం అన్నదమ్ములం ఇద్దరం కాసినో హోస్ట్ (ఆటగాళ్ల పాయింట్లు చూసే ఉద్యోగి) బల్ల దగ్గరికి దర్జాగా వెళ్లాం. అమ్మాయి కంప్యూటర్ చూసి, ఇద్దరికీ సున్నా అంది. అన్నయ్య మళ్లీ చూడమన్నాడు. మళ్లీ సున్నా. పోకర్‌లో మీరు ఓడినా గెలిచినా అది పక్కవాళ్ల డబ్బు సార్, మాతో ఆడినట్టు కాదు కదా అని చాలా మర్యాదగా చెప్పింది. మరి ఆ పదోవంతు? దానికి నవ్వింది. ఎక్కిన రోజే ఈ సంగతి ఒక ముక్క చెప్పి ఉంటే బాగుండేది.

ఇంతలో వెనకాల నుంచి వదిన వచ్చి "నాదీ ఒకసారి చూడమనవయ్యా" అని కార్డు ఇచ్చింది. 900 పాయింట్లు.

ఆవిడ ఆడింది డ్రాగన్ బొమ్మల స్లాట్ మెషిన్. ఆ ఓడ లెక్క ప్రకారం స్లాట్‌లో 5 డాలర్లు తిప్పితే ఒక పాయింటు, వీడియో పోకర్‌లో (మెషిన్‌తో ఆడే ఐదు ముక్కల పోకర్) 10 తిప్పితే ఒకటి. 900 పాయింట్లంటే 4,500 డాలర్లు తిప్పినట్టు. కంగారు పడకండి, అదే డబ్బు వస్తూ పోతూ పదిసార్లు తిరిగింది. చివరికి చేతినుంచి పోయింది 400. అన్నయ్యకి చెప్పింది 150. (ఈ వాక్యం ఆయన కంట పడితే నా పని అయిపోయినట్టే.)

అప్పుడు అన్నయ్యకి వీడియో పోకర్ మీద మనసు పోయింది. పేరులో పోకర్ ఉంది, పాయింట్లూ వస్తాయి! ఆ మెషిన్‌లో ఒక మంచి గుణం ఉంది, ఎంత ముంచుతుందో తన మొహం మీదే రాసుకుంటుంది. జాక్స్ ఆర్ బెటర్ (జాకీల జత నుంచి పైకి డబ్బిచ్చే రకం) పట్టికలో ఫుల్ హౌస్‌కి (మూడు ఒకటే, మిగతా రెండు ఒకటే) 9 రెట్లు, ఫ్లష్‌కి (ఐదు ముక్కలూ ఒకే జాతి) 6 రెట్లు ఉంటే, తప్పు లేకుండా ఆడేవాడికి దీర్ఘకాలంలో 99.54 శాతం తిరిగొస్తుంది. మా ఓడ మెషిన్‌లో 7, 5 అని ఉంది. అంటే 96.15 శాతమే. కాసినో దగ్గర డ్రింక్స్ ఫ్రీగా ఇచ్చే మెట్టుకి 2,500 పాయింట్లు కావాలి. దానికి ఈ మెషిన్‌లో 25,000 డాలర్లు తిప్పాలి, సగటున 960 డాలర్లు వదులుకోవాలి. కాగితం మీద లెక్కేసి చూపిస్తే అన్నయ్య కాసేపు మాట్లాడలేదు. "ఆ డబ్బుకి ఒంగోల్లో ఫంక్షన్ హాల్ బుక్ చేసి అందరికీ పోయించొచ్చురా" అన్నాడు చివరికి.

మిగతా సేవలు: గది ఊడ్చే కుర్రాడు బంగారం. బఫేలో పప్పు, అన్నం రోజూ దొరికాయి, పెరుగు మాత్రం తియ్యది. టిప్పుల కింద మనిషికి రోజుకు 18 డాలర్ల పైన బిల్లులో తనంతట తానే చేరిపోతుంది, టికెట్ ధర చూసి మురిసిపోయేటప్పుడు అది కలుపుకోండి. కాసినోలో పొగ ఇక్కడా ఉంది, కానీ పోకర్ బల్ల ఓ మూలన ఉండటంతో బతికిపోయాం. పెనాంగ్‌లో దిగి లిటిల్ ఇండియాలో కాఫీ తాగి తిరిగొచ్చాం.

కేవలం పోకర్ కోసమే అయితే చెన్నై నుంచి ఓడెక్కక్కర్లేదు, గోవా వెళ్లండి. మాండవి నదిలో నిలబడి ఉండే కాసినో ఓడల్లో ఎంట్రీ టికెట్‌లోనే భోజనం, డ్రింక్స్ కలిసి ఉంటాయి. పిల్లా పెద్దా అందరితో వెళ్లాలంటే సింగపూర్ ఓడ. పాస్‌పోర్టు లేని పెద్దవాళ్లకి సముద్రం చూపించాలంటే చెన్నై ఓడ చాలు, కాకపోతే కిటికీ ఉన్న గది తీసుకోండి.

ఇంటికొచ్చిన రెండు నెలలకి వదినకి మెయిల్ వచ్చింది. తర్వాతి ప్రయాణంలో ఇద్దరికి లోపలి గది ఉచితం. పోర్టు చార్జీలు, పన్నులు, టిప్పులు మనవే. అన్నయ్య ఆ రాత్రే ఫోన్ చేసి తేదీలు చూడమన్నాడు. నేను కంప్యూటర్ ముందు కూర్చుని రెండో ప్రయాణికుడి పేరు దగ్గర ఆయన పేరు కొడుతుంటే ఫోన్ వదిన అందుకుంది.

"ఆగాగు. అక్కడ మా అక్క పేరు రాయి."