స్కూటర్‌కి ఏ ఇంజన్ ఆయిల్? బెజవాడ ఎండల్లో ఏళ్ల తరబడి వాడాక నా మాట

ముందే చెప్పేస్తున్నా, ఏ కంపెనీ ఆయిల్ బెస్టు అనేది నాకైతే మూడో ప్రశ్న. మొదటిది డబ్బా మీద ఎంబీ (గేర్‌లెస్ స్కూటర్లకి సరిపోయే ఆయిల్ రకం) అని ఉందా లేదా, రెండోది డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) మీద ఆయిల్ ఎక్కడిదాకా ఉంది. ఈ రెండూ సరిగ్గా ఉంటే మిగతాది మీ జేబు, మీ సరదా.

నా బండి యాక్టివా 110, బీఎస్4, కార్బొరేటర్‌ది. తిరుగుడు మొత్తం పటమట, బెంజ్ సర్కిల్, బందరు రోడ్డు, అప్పుడప్పుడు వారధి దాటి మంగళగిరి మీదుగా గుంటూరు అత్తగారింటికి. అంటే రోజూ చిన్న చిన్న దూరాలు, సిగ్నళ్లు, మధ్యలో ఒకసారి హైవే. ఇది ఎందుకు చెప్తున్నానంటే ఆయిల్ రివ్యూ రాసేవాళ్లు బండి ఎలా తిప్పుతారో చెప్పకుండా సూపర్ స్మూత్ అని రాసేస్తారు, దాంతో మనకేం ఉపయోగం.

ఎండాకాలం వస్తే మన ఊళ్లో మెకానిక్‌లు చెప్పే మాట ఒకటే, "పల్చటి ఆయిల్ మన ఎండలకి ఆగదు సార్, 20-40 పోసేద్దాం" అని. సరే చూద్దాం అని ఒక సీజన్ మొత్తం 20డబ్ల్యూ-40 పోయించా. ఇంజన్ వేడి తగ్గిందా అంటే నాకేం తేడా తెలియలేదు, పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు మాత్రం బండి బద్ధకంగా కదిలేది, పికప్ బరువైంది, మైలేజ్ కూడా కాస్త పడింది. ఎందుకంటే ఆ రెండో నంబర్ (30, 40) బయట ఎండని బట్టి ఇచ్చేది కాదండీ, ఆయిల్ 100 డిగ్రీల దగ్గర ఎంత చిక్కగా ఉంటుందో చూసి ఇచ్చేది. బయట 35 ఉన్నా 45 ఉన్నా లోపల ఆయిల్ పనిచేసేది ఎలాగూ ఆ చుట్టుపక్కల వేడిలోనే. ఫ్యాన్‌తో చల్లబడే ఇంజన్ కాబట్టి మన మే నెల ప్రభావం అసలుండదని నేను అనను, కానీ దానికి మందు చిక్కటి ఆయిల్ కాదు. ఫ్యాన్ కవర్‌లో దుమ్ము దులిపించుకోవడం, ఆయిల్ లెవెల్ తగ్గకుండా చూసుకోవడం. యాక్టివా మాన్యువల్లో 10డబ్ల్యూ-30 అని ఉంటే అదే పోయండి, ఇక్కడ అమ్మే బండికి ఇక్కడి ఎండలు చూసుకోకుండా రాయరు.

ఇక ఎంబీ సంగతి. బైకుల్లో క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి, ఆయిల్ మరీ జారుడుగా ఉంటే క్లచ్ స్లిప్ అవుతుంది, అందుకని వాటికి జాసో (జపాన్ వాహన ప్రమాణాల సంస్థ) ఎంఏ, ఎంఏ2 ఆయిల్స్. మన గేర్‌లెస్ స్కూటర్ క్లచ్ వెనక చక్రం వైపు బెల్టుతో పాటు పొడిగా ఉంటుంది, ఆయిల్ తగలదు, కాబట్టి రాపిడి ఇంకా తగ్గించే ఎంబీ రకం హాయిగా పోసుకోవచ్చు. స్కూటర్లో పొరపాటున ఎంఏ పోసినా కొంపేం మునగదు. కానీ స్కూటర్ ఆయిల్ మిగిలింది కదా అని ఇంట్లో ఉన్న స్ప్లెండర్‌లోనో పల్సర్‌లోనో పోయకండి, అక్కడ మాత్రం క్లచ్‌కి తిప్పలు.

నేను మార్చి మార్చి వాడినవి హోండా వాళ్ల సొంత ఆయిల్, మోటుల్ స్కూటర్ ఆయిల్, షెల్ అడ్వాన్స్ స్కూటర్ ఆయిల్. అన్నీ 10డబ్ల్యూ-30 ఎంబీలే. మోటుల్ పోసిన కొత్తలో సౌండ్ కొంచెం మెత్తగా అనిపిస్తుంది, అది నిజమో డబ్బులు ఎక్కువ పెట్టాం కాబట్టి అలా వినపడుతుందో దేవుడికే తెలియాలి. మైలేజ్‌లో మూడింటికీ నేను పట్టుకోగలిగిన తేడా లేదు. రెండు వేల కిలోమీటర్లు దాటాక ఏది పోసినా సౌండ్ గరుకెక్కుతుంది. చివరికి ఏది దొరికితే అది, ఎక్కువసార్లు హోండాదే పోయిస్తున్నా. ఆయిల్ నల్లబడితే పాడైపోయిందని కొందరు కంగారు పడతారు, లోపలి మసిని అది పట్టుకుంటేనే కదా నల్లబడేది, ఆ పని చేస్తున్నట్టే లెక్క.

లెవెల్ దగ్గర మాత్రం గట్టిగా చెప్తా. ఈ బండికి ఆయిల్ మార్చినప్పుడు పట్టేది దాదాపు 700 మిల్లీలీటర్లు. అందులో 150 తగ్గితే అయిదో వంతు పోయినట్టు, కారులో అదే 150 తగ్గితే లెక్కే కాదు. పాతబడ్డ స్కూటర్ కొంచెం కొంచెం ఆయిల్ తింటుంది, పొగ కనపడేదాకా మనకి తెలియదు. నెలకోసారి సమంగా ఉన్న చోట డబల్ స్టాండ్ వేసి, మూడు నాలుగు నిమిషాలు ఇంజన్ ఆన్‌లో ఉంచి, ఆపేసి రెండు మూడు నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ తుడిచి, బిగించకుండా ఊరికే లోపల పెట్టి తీసి చూడాలి. బిగించి చూస్తే లేని ఆయిల్ ఉన్నట్టు కనపడుతుంది. ఎక్కువ పోసినా తంటానే. ఒకసారి ఒక షాపులో కుర్రాడు లీటర్ డబ్బా తెచ్చి మొత్తం ఒంపేశాడు, "ఉంటే మంచిదేగా అన్నా" అంటాడు, రెండు రోజుల్లో బండి లాగడం మానేసింది, ఎయిర్ ఫిల్టర్ దాకా ఆయిల్ కక్కింది. అందుకే స్కూటర్‌కి 800 మిల్లీ ప్యాక్ కొనుక్కుని, పక్కన నిలబడి లెవెల్ దాకానే పోయించుకుంటా.

2024 సెప్టెంబర్లో బుడమేరు వరద వచ్చినప్పుడు సింగ్ నగర్లో మా బావమరిది స్కూటర్ సీటు దాకా మునిగింది. నీళ్లు తీశాక అందరూ చేసే మొదటి పని సెల్ఫ్ కొట్టడం, అది చేయొద్దని ఫోన్లోనే అరిచి చెప్పా. డ్రెయిన్ బోల్ట్ (పాత ఆయిల్ కిందికి వదిలే బోల్ట్) తీస్తే ముందు నీళ్లు, తర్వాత పాలెక్కువైన కాఫీలాంటి ఆయిల్ వచ్చింది. స్పార్క్ ప్లగ్ తీసి, సిలిండర్లో నీళ్లు పోగొట్టి, చవక 10డబ్ల్యూ-30 పోసి కాసేపు తిప్పి తీసేశాం, అదీ తెల్లగానే వచ్చింది, మళ్లీ పోశాం, రంగు మామూలుగా వచ్చాకే అసలు ఆయిల్. వెనక చక్రం దగ్గర గేర్లకి విడిగా ఉండే గేర్ ఆయిల్‌లో కూడా నీళ్లు చేరాయి. చాలామంది ఇంజన్ ఆయిల్ మార్చి ఊరుకుంటారు, తర్వాత కొన్నాళ్లకి వెనక నుంచి ఊళ పెడుతుంటే బేరింగ్ పోయిందంటారు. వరద లేకపోయినా సరే, ఆ గేర్ ఆయిల్ కాస్తా మనం అడిగితే తప్ప ఎవరూ మార్చరు.

ఎన్ని కిలోమీటర్లకి మార్చాలంటే మాన్యువల్లో ఉన్నది హద్దు అనుకోండి. నాలాగా రైతు బజారు, స్కూలు, ఇల్లు అని తిరిగే బండిలో ఆయిల్ పూర్తిగా వేడెక్కదు, పెట్రోల్, తేమ అందులోనే మిగిలిపోతాయి, వానాకాలం ఆయిల్ మూత లోపల తెల్ల నురగ కనపడేది అందుకే. నేను 2500 చుట్టుపక్కల మార్పిస్తా. రోజూ గుంటూరు నుంచి విజయవాడ హైవే మీద వచ్చిపోయేవాళ్లకి అంత తొందర అక్కర్లేదు.

డ్రెయిన్ బోల్ట్ బిగించేటప్పుడు స్పానర్ మీద ఎక్కి తొక్కనివ్వకండి, కింద ఉన్నది అల్యూమినియం, థ్రెడ్ పోతే ఆయిల్ ఖర్చుని మించి వదులుతుంది. అలాగే డబ్బా సీల్ మీ ఎదురుగా తీయించండి, పోశాక ఖాళీ డబ్బాకి అక్కడే ఒక చిల్లు పెట్టేయండి, మళ్లీ డూప్లికేట్ నింపడానికి పనికిరాకుండా. షాపువాడు మొహం చిట్లిస్తే చిట్లించనీయండి.