చేతితో చేసిన యుకులేలేనా, ఆన్‌లైన్‌ డబ్బాలో వచ్చేదా?

మా పాపకు యుకులేలే (గిటార్‌లా ఉండే చిన్న నాలుగు తీగల వాయిద్యం) కొనేటప్పుడు రెండు దారులూ చూశాం. ముందు ఆన్‌లైన్‌. చవక, రెండు రోజుల్లో ఇంటికొచ్చింది. ప్లైవుడ్‌లా పొరలు అతికించిన చెక్క కాబట్టి ఓరుగల్లు మే నెల ఎండకు తొందరగా పగలదు. అది చిన్న సుగుణమేం కాదు. కానీ మెట్ల (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీల) అంచులు వేళ్లకు గీరుకున్నాయి. తీగలు మరీ ఎత్తుగా ఉండి, గట్టిగా నొక్కితే స్వరం శ్రుతి తప్పి పైకి పోయేది. పాప పది నిమిషాలకే పక్కన పెట్టేసింది. వాపసు పంపాం.

తర్వాత హనుమకొండలో గిటార్లు బాగుచేసే పెద్దాయన దగ్గరికి వెళ్లాం. పాప వేళ్లు చూసి, 21 అంగుళాల సొప్రానో సైజు ఇరుకవుతుంది, 23 అంగుళాల కాన్సర్ట్‌ సైజు చేస్తానన్నారు. రెండు నెలలు పట్టింది, ధర మూడింతలైంది. ఇచ్చేరోజు పన్నెండో మెట్టు మీద వేలు ఊరికే ఆనించి మీటారు. గంట మోగినట్టు సన్నటి స్వరం. తర్వాత అక్కడే నొక్కి మీటారు. "రెండూ ఒక్కతీరుగ వినపడాలె బిడ్డా" అన్నారు. ఒక తీగకు కలవలేదు. బ్రిడ్జి మీద తీగలు ఆనే ఎముక ముక్కను కాస్త అరగదీసి, మళ్లీ వినిపించారు. ఆన్‌లైన్‌లో ఈ పని ఎవరు చేస్తారు?

ఇలా పొరలు అతికించని అసలు చెక్కకు మాత్రం జాగ్రత్త కావాలి. ఎండాకాలం అది ఎండి పగలకుండా చిల్లుల సబ్బు డబ్బాలో తడి స్పాంజి పెట్టి కేసులో ఉంచుతున్నాం.

పిల్లలకు ఇష్టం ఇంకా తేలకపోతే చవకదే కొనండి, కానీ తీగల ఎత్తు సరిచేయించండి. మా పాప ఇప్పుడు బడి నుంచి రాగానే కేసు తెరుస్తోంది.