రీకాల్‌లో మార్చిన వ్యాన్ స్లైడింగ్ డోర్ లాచ్: రెండు వానాకాలాలు వాడాక

ముందే చెప్పేస్తాను. లోపం ఉందని కంపెనీయే బండ్లని వెనక్కి పిలిచి (దీన్నే రీకాల్ అంటారు) ఉచితంగా వేసిన కొత్త లాచ్, అంటే డోర్‌ని పట్టి ఉంచే గొళ్లెం, బాగుంది. దాన్ని బిగించిన తీరు బాగోలేదు. మార్కులు వేయమంటే లాచ్‌కి ఐదుకి నాలుగున్నర, సర్వీస్ సెంటర్‌కి రెండు. ఆ రెండు కూడా కౌంటర్లో కూర్చున్న అమ్మాయి మర్యాదగా మాట్లాడినందుకు.

మాది ఒడిశాలోని బరంపురం. అప్పడాలు, వడియాలు, పచ్చళ్లు షాపులకి వేస్తాం. ఒకవైపు ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట దాకా వెళ్తాం. రెండోవైపు దిగపహండి దాటి తప్తపాణి ఘాట్ ఎక్కి, మోహన మీదుగా పర్లాకిమిడి వైపు. బండికి ఎడమపక్క స్లైడింగ్ డోర్ ఉంది. మధ్యలో ఒక వరుస సీటు ఉంటుంది, దాని వెనకంతా సరుకే. ఆ మధ్య సీట్లో, డోర్‌ని ఆనుకుని మా కుర్రాడు కూర్చుంటాడు. షాపు రాగానే దిగి సరుకు దించాల్సింది వాడే కాబట్టి రోజంతా ఆ డోర్ తెరుస్తూ మూస్తూనే ఉండాలి. ఇంటి బండిలో ఏడాదికి పడే వాడకం మాకు నెలకే పడిపోతుంది. అందుకని ఈ సమీక్ష సొంతానికి వాడేవాళ్లకంటే లైన్ బండ్లు తిప్పేవాళ్లకి ఎక్కువ పనికొస్తుంది.

సమస్య ఎలా మొదలైందంటే, డోర్ మూసినప్పుడు రెండు క్లిక్‌లు వినిపించాలి. మొదటిది సగం లాక్, రెండోది పూర్తి లాక్. మాకు రెండూ వినిపించేవి, డ్యాష్‌బోర్డు మీద డోర్ లైటూ ఆరిపోయేది. కానీ ఒక గతుకులో పడి లేచాక లైటు మళ్లీ వెలిగేది. చేత్తో తోస్తే డోర్ ఊగేది. అంటే పూర్తి లాక్ నుంచి జారి సగం లాక్‌లోకి వచ్చేసిందన్నమాట.

లోపల ఏం జరుగుతోందో లాచ్ విప్పినప్పుడు చూశాను. బండి బాడీకి ఒక ఇనప కొక్కెం బిగించి ఉంటుంది, దాన్ని స్ట్రైకర్ అంటారు. డోర్ వైపు లాచ్‌లో దవడలాంటి ముక్క ఒకటి తిరుగుతుంది. డోర్ మూసినప్పుడు అది స్ట్రైకర్‌ని పట్టుకుని తిరుగుతుంది. అది వెనక్కి తిరిగిపోకుండా పాల్ అనే చిన్న ముక్క అడ్డం పడుతుంది. పాల్‌ని తన గాట్లో కూర్చోబెట్టి ఉంచేది ఒక సన్నటి స్ప్రింగ్. ఆ స్ప్రింగ్ నీరసపడితే పాల్ గాటు అంచున నిలబడుతుంది తప్ప లోపలికి దిగదు. చప్పుడు వస్తుంది, లైటు ఆరుతుంది, పట్టు మాత్రం ఉండదు. మా బండి జబ్బు అదే. కంపెనీ రీకాల్ కాగితంలో రాసిందీ దాదాపు ఇదే.

స్లైడింగ్ డోర్‌తో ఇంకో తిరకాసు ఉంది. అది వెనక్కి జరిగి తెరుచుకుంటుంది. సడన్ బ్రేక్ వేస్తే ముందుకి, అంటే మూసుకునే వైపు పోతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం దాని బరువు మొత్తం తెరుచుకునే వైపు లాగుతుంది. కుడివైపు మలుపు తిరిగితే ఎడమ డోర్ మీద బయటికి తోపు పడుతుంది. తప్తపాణి ఘాట్లో ఈ రెండూ ఒకేసారి జరుగుతాయి. ఒకసారి సరిగ్గా అలాంటి మలుపులోనే డోర్ బెత్తెడు జారింది. మావాడు సీటు పట్టుకుని "అన్నయ్యా, ఆపు!" అని ఒకటే కేక. ఏమీ కాలేదు. ఒక వడియాల మూట మాత్రం అంచు దాకా వచ్చి ఆగింది. ఆ టెన్షన్ తర్వాత వాడిని ముందు సీట్లోకి మార్చాను. రిపేరు అయ్యేదాకా మధ్య సీటు ఖాళీగానే ఉంచాను. లాచ్ మీద అనుమానం ఉన్నవాళ్లెవరైనా మొదట చేయాల్సింది ఇదే. తాడు కట్టి నడిపేస్తాం అనేవాళ్లని చూశాను. తాడు కట్టిన డోర్‌ని ప్రమాదం జరిగినప్పుడు లోపలివాళ్లు తెరుచుకోలేరు.

రీకాల్ సంగతి నాకు కంపెనీ చెప్పలేదు. బండి సెకండ్ హ్యాండ్, శ్రీకాకుళం వైపు కొన్నది. మెసేజ్ పాత ఓనర్ నంబర్‌కి పోయి ఉంటుంది, ఆయన దాన్ని లోన్ ఆఫర్ అనుకుని తుడిచేసి ఉంటాడు. ఇదే మోడల్ నడిపే పర్లాకిమిడి వ్యాపారి ఒకాయన మాటల్లో చెబితే తెలిసింది. వెంటనే కంపెనీ వెబ్‌సైట్‌లో ఛాసిస్ నంబర్ కొట్టి చూస్తే మా బండి లిస్టులో ఉంది. ఆర్‌సీ మీద ఉండే 17 అక్షరాల నంబరే అది. రిజిస్ట్రేషన్ నంబర్‌తో పనిలేదు. ఆంధ్రా బండిని ఒడిశాకి మార్చుకోవడానికి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), రోడ్ ట్యాక్స్ అంటూ ఎన్ని కాగితాలు తిప్పించారో సరిహద్దులో ఉండేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. రీకాల్‌కి ఆ గొడవేమీ లేదు. బండి ఏ రాష్ట్రంలో కొన్నా, ఎన్ని చేతులు మారినా, ఆ కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్ ఎక్కడున్నా చేసి ఇవ్వాలి. సెకండ్ హ్యాండ్ వ్యాన్ కొన్నవాళ్లు బీమా కాగితం కంటే ముందు ఈ నంబర్ కొట్టి చూసుకోవడం మంచిది.

చట్టం సంగతి కొంచెం. మన దేశంలో 2012 నుంచి వాహన కంపెనీలు స్వచ్ఛందంగా రీకాల్ చేసే పద్ధతి ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 110ఏ అనే సెక్షన్ చేర్చారు. లోపం ప్రమాదకరమైతే రీకాల్ చేయమని ప్రభుత్వమే కంపెనీని ఆదేశించవచ్చు. దాని నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఏడేళ్లలోపు బండ్లకి ఇది వర్తిస్తుంది. ఓనర్లు వాహన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టుకోవచ్చు. మాది కంపెనీ తనంతట తానుగా ప్రకటించిన రీకాల్ కాబట్టి అంతదూరం పోలేదు. కానీ సర్వీస్ సెంటర్లో ఎవరైనా "వారంటీ అయిపోయింది కదా" అంటే, రీకాల్ వేరు, వారంటీ వేరు అని గట్టిగా చెప్పండి. మాకు అన్నారు. చెప్పాను. తలూపి జాబ్ కార్డు, అంటే బండికి చేయాల్సిన పని రాసే కాగితం, రాశారు.

ఆ జాబ్ కార్డు దగ్గర కాస్త జాగ్రత్త. రీకాల్ అన్న మాట కార్డు మీద ఉండాలి. మా కార్డులో 'డోర్ నాయిస్ చెకింగ్' అని రాసి, కింద వాటర్ వాష్, జనరల్ క్లీనింగ్ కలిపి డబ్బు వేశారు. అది కొట్టేయించి మళ్లీ రాయించాను. సూపర్‌వైజర్ "హొయిజిబ ఆజ్ఞా, హొయిజిబ" (అయిపోతుందండీ, అయిపోతుంది) అని ఒడియాలో అంటూ నవ్వుతూనే మార్చాడు. ఇలాంటివి ఆయనకి రోజూ మామూలే కాబోలు. లాచ్ మాత్రం స్టాకులో లేదు. ఆర్డరు పెట్టి, పార్టు వచ్చాక ఫోన్ చేస్తామన్నారు. వాళ్లు చేయలేదు, నేనే రెండు మూడుసార్లు చేశాను. పార్టు వచ్చిన రోజు పని మాత్రం పూటలో అయిపోయింది. పాత లాచ్ ఇవ్వరు, కంపెనీకి తిప్పి పంపాలి. చూడనిస్తారు, అడగండి.

అసలు కథ ఆ తర్వాత. కొత్త లాచ్‌తో డోర్ గట్టిగా మూసుకుంటోంది, కానీ మూయడానికి భుజం పెట్టి తోయాల్సి వస్తోంది. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే "కొత్తది కదా, అరిగితే ఫ్రీ అవుతుంది" అన్నారు. అరిగాక ఫ్రీ అయ్యే లాచ్ కోసమా నేను రీకాల్‌కి వచ్చింది! ఇచ్ఛాపురంలో మేం ఎప్పుడూ చూపించే పాత మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన డోర్ రెండుసార్లు వేసి తీసి, "ఏటి బాబూ, లాకు మార్చీసారు గానీ కొక్కెం సూసుకోనేదా?" అన్నాడు.

సుద్దముక్క తీసుకుని స్ట్రైకర్ కమ్మీ చుట్టూ రుద్ది డోర్ మూశాడు. తెరిచి చూస్తే కమ్మీ కింది అంచున మాత్రమే సుద్ద చెరిగింది, పైన అంతా తెల్లగా అలాగే ఉంది. అంటే దవడ కమ్మీని మధ్యలో పట్టుకోవడం లేదు, కిందనుంచి రాసుకుంటూ వెళ్తోంది. డోర్ కిందికి దిగిపోయింది. కారణం కింది రోలర్, అంటే డోర్ పట్టాలో జరగడానికి ఉండే చిన్న చక్రం. బేరింగ్ అరిగి లొడలొడలాడుతోంది. పాత లాచ్ వదులు కాబట్టి ఈ తేడా బయటపడలేదు, కొత్త దానికి స్ప్రింగ్ గట్టిది కాబట్టి పడింది. రోలర్ మార్చి, స్ట్రైకర్ రెండు బోల్టులు వదులు చేసి కొంచెం పైకి జరిపి మళ్లీ సుద్ద రాశాడు. ఈసారి నడిమధ్యన చెరిగింది. తర్వాత డోర్ రబ్బరుకీ బాడీకీ మధ్య కాగితం పెట్టి మూసి లాగి చూశాడు. పైనా, మధ్యలో, కిందా ఒకే బిగువు వచ్చేదాకా వదల్లేదు. డోర్ ఇప్పుడు ఒంటి చేత్తో మూసుకుంటుంది.

రోలర్ ఖర్చు నాదే. అది అరుగుదల పార్టు, రీకాల్‌లో రాదు. ఇందులో కంపెనీని తప్పుపట్టను. కానీ కొత్త లాచ్ వేసేటప్పుడు స్ట్రైకర్ సరిచూడడం ఆ పనిలో భాగమే. అది చేయకుండా బండి అప్పజెప్పడం సగం పనే. మీ బండి తీసుకునేటప్పుడు అక్కడే సుద్ద రాసి చూపించమనండి, మొహమాటపడకండి. కాగితం కూడా పెట్టి చూడండి.

ఇక వాడకం. మొదటి వేసవిలో అనుమానంగానే చూశాను, ఎందుకంటే ఎండకీ ఈ స్ప్రింగులకీ పడదు. అమెరికాలో 2016లో ఫోర్డ్ చేసిన డోర్ లాచ్ రీకాల్ ఇలాంటి కథే. అక్కడ పాల్ స్ప్రింగ్‌ని పట్టి ఉంచే ట్యాబ్ విరిగిపోయేది. మొదట ఎండలు ఎక్కువగా ఉండే రాష్ట్రాల బండ్లనే పిలిచారు, తర్వాత అన్నిచోట్లకీ పెంచారు. లెక్క సుమారు 24 లక్షల బండ్లకి చేరింది, అందులో ట్రాన్సిట్ కనెక్ట్ వ్యాన్ కూడా ఉంది. మే నెల మధ్యాహ్నం బరంపురం బజార్లో ఎండలో నిలబెట్టిన వ్యాన్ డోర్ మీద చెయ్యి పెట్టి చూస్తే ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. మా లాచ్ మాత్రం ఎండకి ఏమీ కాలేదు. లైటు ఒక్కసారి కూడా దారిలో వెలగలేదు.

వానాకాలమే కాస్త ఇబ్బంది పెట్టింది. గోపాల్‌పూర్ సముద్రం గాలికి ఇక్కడ ఏ ఇనుమైనా తొందరగా తుప్పు పడుతుంది. దానికి తోడు మోహన రోడ్డు ఎర్ర దుమ్ము వానకి బురదై డోర్ జరిగే పట్టాలో చేరుతుంది. మొదటి వానల్లో లాచ్ తిరగడం కొంచెం బరువైంది. ఇంజన్ ఆయిల్ పోయకండి, దుమ్ముని పిలిచి కూర్చోబెడుతుంది. గుడ్డతో తుడిచి, తెల్ల లిథియం గ్రీజు కొద్దిగా రాస్తే చాలు. కింది పట్టాలో గ్రీజు వద్దు, బ్రష్‌తో దులిపితే సరిపోతుంది. సరుకు దించే కుర్రాళ్లు డోర్‌ని దబాలున వేయడం అలవాటు, అది మాన్పించడమే అన్నిటికంటే కష్టమైన పని. ఇంకా పూర్తిగా మానలేదు.

రెండో వానాకాలం ముందే గ్రీజు రాయించాను. ఏ గొడవా లేదు. మధ్య సీట్లో మళ్లీ మనిషి కూర్చుంటున్నాడు, బెల్టు పెట్టుకునే.

నచ్చనిది ఒకటుంది. లోపలి హ్యాండిల్ మునుపటికంటే గట్టిగా ఉంది. మా ఆవిడ వెనక కూర్చున్నప్పుడు రెండు చేతులతో లాగాలి. సర్వీస్ సెంటర్లో అడిగితే కొత్త స్ప్రింగ్‌కి అంతే అన్నారు. ఇచ్ఛాపురం మెకానిక్ మాత్రం హ్యాండిల్ నుంచి లాచ్‌కి వెళ్లే కేబుల్ ఎక్కడో ముడతపడిందని అంటున్నాడు. డోర్ లైనింగ్ విప్పి చూడాలి. పండగ ఆర్డర్లు అయ్యాక బండి ఇస్తానని చెప్పాను.