ఆ రోజులే వేరు: ఫ్రాన్స్ బెంగపడే రెండు కాలాల్లో ఏది మేలు?

ఫ్రెంచివాళ్ళు "ఆ రోజులే వేరు" అని తలుచుకునే కాలాలు ముఖ్యంగా రెండు. ఒకటి బెల్ ఎపోక్, అంటే అందాల కాలం. సుమారు 1880ల నుంచి 1914లో యుద్ధం మొదలయ్యేదాకా. రెండోది త్రాంత్ గ్లోరియూజ్, ఘనమైన ముప్పై ఏళ్ళు. 1946 నుంచి 1975 దాకా. 1920ల సంబరాలు కూడా ఉన్నాయి కదా అంటారు కొందరు. అవి ఎక్కువగా పారిస్‌లో కొన్ని వీధుల కథ, అందుకే వాటిని పోటీకి పెట్టడం లేదు. కళ్ళు మొదటి కాలం వైపు లాగుతాయి. నా ఓటు మాత్రం రెండోదానికే.

అందాల కాలానికి ఆ పేరు ఊరికే రాలేదు. 1889లో ఈఫిల్ టవర్ లేచింది, అదే ఏడాది మూలాన్ రూజ్ డాన్స్ హాలు తలుపులు తెరిచింది. 1895 డిసెంబర్ 28న లూమియేర్ సోదరులు ఒక కాఫీ హోటల్ కింది గదిలో టికెట్ పెట్టి సినిమా చూపించారు. 1900 ప్రపంచ ప్రదర్శన చూడటానికి జనం దాదాపు 5 కోట్ల సార్లు గేటు దాటారు. ఆ జూలైలోనే పారిస్ మెట్రో మొదలైంది. దానికి గిమార్ అనే వాస్తుశిల్పి గీసిన ద్వారాలు కొన్ని ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. ఇనుము మొక్కలా మొలిచి, తీగలా వంగి, చివర దీపాలు మొగ్గల్లా ఉంటాయి. రోజూ పనికి పోయే మనిషి దిగే మెట్ల దగ్గర అంత శ్రద్ధ పెట్టారే అని వాటి ఫొటో చూసిన ప్రతిసారీ అనిపిస్తుంది.

కానీ ఆ పేరు అప్పటివాళ్ళు పెట్టుకున్నది కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో దాదాపు 14 లక్షల మంది ఫ్రెంచి సైనికులు పోయాక, వెనక్కి తిరిగి చూస్తే అంతకుముందు రోజులు మెరిశాయి. పేరు గట్టిగా పాతుకున్నది ఇంకా ఆలస్యంగా. 1940లో, జర్మన్ల చేతిలో ఉన్న పారిస్‌లో, 1900 నాటి పాటల రేడియో కార్యక్రమానికి ఈ పేరు పెట్టారు. రేషన్, కర్ఫ్యూ మధ్య నలుగుతున్నవాళ్ళు ఆ పాటలు విని కాసేపు ఊపిరి పీల్చుకుని ఉంటే వాళ్ళను తప్పుపట్టలేం.

ఆ పాటల్లో వినిపించనివి చాలా ఉన్నాయి. 1906 మార్చి 10న ఉత్తరాన కూరియేర్ బొగ్గు గనిలో పేలుడు జరిగి 1,099 మంది చనిపోయారు. వాళ్ళలో చిన్నపిల్లలూ ఉన్నారు. కార్మికులకు వారానికి ఒకరోజు సెలవు చట్టంగా వచ్చింది ఆ ఏడాది జూలైలోనే. యూదుడైన సైనికాధికారి డ్రైఫస్ చేయని నేరానికి 1894లో అరెస్టయి, నిర్దోషి అనిపించుకోవడానికి 1906 దాకా ఆగాల్సి వచ్చింది. పెళ్ళయిన ఆడదానికి తన జీతం తన చేతికి వచ్చే హక్కు 1907లో దక్కింది. 1889 ప్రపంచ ప్రదర్శనలో అయితే నల్లజాతి మనుషుల్ని ఊరు కట్టి మరీ బొమ్మల కొలువులా చూపించారు. ఆ కాలమంతా గోదావరి పక్కన మన యానాం మీద ఎగిరింది కూడా ఫ్రెంచి జెండాయే. ఆ వెలుగుల్ని మనం ఉత్త టూరిస్టుల్లా చూడలేం.

ఇక రెండో కాలం. దానికి పేరు పెట్టింది ఫురాస్తియే అనే ఆర్థికవేత్త, 1979లో. అంటే ఇదీ పోయాకే పెట్టిన పేరు. 1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరిగిన దెబ్బ అప్పటికే తగిలింది. కానీ ఆయన తన పుస్తకాన్ని పాటలతో మొదలుపెట్టలేదు, రెండు ఊళ్ళతో మొదలుపెట్టాడు. ఒక ఊళ్ళో పనిచేసేవాళ్ళలో నాలుగింట మూడొంతుల మంది పొలం మీదే బతుకుతారు, కార్లు వేళ్ళమీద లెక్కపెట్టచ్చు. రెండో ఊళ్ళో వ్యవసాయం నాలుగో వంతుకి తగ్గింది, దాదాపు ఇంటింటా ఫ్రిజ్, టీవీ ఉన్నాయి. చదివేవాళ్ళు రెండు దేశాలనుకుంటారు. తీరా చూస్తే రెండూ ఒకటే ఊరు, దక్షిణాన లోత్ జిల్లాలోని దుయెల్. ఒకటి 1946 నాటిది, రెండోది 1975 నాటిది.

నాకు ఈ జ్ఞాపకం నచ్చేది ఇందుకే. ఇందులో ఉన్నది డాన్స్ హాలు కాదు, వంటిల్లు. 1954 లెక్కల్లో స్నానాల గది ఉన్న ఇళ్ళు పదింట ఒకటి. కుళాయి ఉన్నవి సగం కంటే కొంచెం ఎక్కువ. ఆ ఏడాది చలికి వీధుల్లో మనుషులు చనిపోతుంటే అబ్బే పియేర్ అనే ఫాదర్ ఫిబ్రవరి 1న రేడియోలో సాయం కోసం మొరపెట్టుకున్నాడు. అక్కడి నుంచి ఇరవై ఏళ్ళలో వేడినీళ్ళు మామూలు ఇళ్ళకి చేరాయి. జీతంతో కూడిన సెలవులు 1956లో మూడు వారాలు, 1969లో నాలుగు అయ్యాయి. రేపు పని ఉంటుందా అన్న టెన్షన్ చాలామందికి లేదు.

మరకలు ఇక్కడా ఉన్నాయి. ఆడది భర్త అనుమతి లేకుండా బ్యాంకు ఖాతా తెరవడానికి 1965 రావాల్సి వచ్చింది. అల్జీరియాలో 1954 నుంచి 1962 దాకా యుద్ధం నడిచింది. పారిస్‌ను కట్టడానికి అల్జీరియా నుంచి వచ్చిన కూలీలు పక్కనే నాంతేర్‌లో బురద మధ్య గుడిసెల్లో ఉన్నారు. 1961 అక్టోబర్ 17న కర్ఫ్యూకి వ్యతిరేకంగా ఊరేగింపుగా వచ్చిన అల్జీరియన్లను పోలీసులు కొట్టారు, కాల్చారు, కొందరిని సేన్ నదిలోకి తోశారు. డజన్ల కొద్దీ చనిపోయారు. సెయింట్ మిషెల్ వంతెన దగ్గర వాళ్ళ పేరిట ఒక పలక పెట్టడానికి నలభై ఏళ్ళు పట్టింది.

అయినా నా ఓటు మారదు. నాంతేర్ గుడిసెల్లో పెరిగిన పిల్లల్లో చాలామంది ఇప్పటికీ ఉన్నారు. ఎవరైనా ఘనమైన ముప్పై ఏళ్ళు అంటే, "అప్పుడు మా ఇంట్లో కుళాయి లేదు, వీధి కుళాయి దగ్గర బిందెలతో నిలబడేవాళ్ళం" అని ఎదురు చెప్పగలరు. కూరియేర్ గనిలో పోయినవాళ్ళ తరఫున అలా చెప్పేవాళ్ళు ఇప్పుడెవరూ మిగల్లేదు.