సన్నబడ్డాక పాత బట్టలే సైజు చేయించి వాడుతున్నా, ఏవి పనికొచ్చాయంటే

బాగా బరువు తగ్గితే పాతవన్నీ తీసేసి కొత్తవి కొనేయమంటారు అందరూ. నేను మాత్రం చాలావరకు టైలర్‌కిచ్చి సైజు చేయించుకున్నా, ఏడాది పైనే అవే తిప్పి తిప్పి వేసుకుంటున్నా.

ప్యాంటు నడుము ఒకటి రెండు అంగుళాలు తగ్గిస్తే ఎవరికీ తెలీదు. అంతకుమించి పట్టించారా, వెనక జేబులు రెండూ దగ్గరికొచ్చేసి కబుర్లు చెప్పుకుంటున్నట్టు ఉంటాయి, సీటు దగ్గర గుడ్డ వేలాడుతుంది, తొడల దగ్గర లూజు ఎలాగూ అలాగే ఉంటుంది. చొక్కాకి పక్కలు పట్టించడం తేలికే, అసలు గొడవంతా భుజాలతోనే. భుజం కుట్టు ఎముక అంచున నిలబడాలి, అది జారి చేతి మీదకొచ్చేసిందంటే చేతులు ఊడదీసి చంక దగ్గర మళ్ళీ కోసి కుట్టాలి, అంత చేసినా గళ్ళ చొక్కా అయితే గీతలు కలవవు. అలాంటివి సరిపోయేవాళ్ళకి ఇచ్చేశా, భుజం కుదిరినవే ఉంచుకున్నా.

ఇంకోటి, లూజు బట్టల్లో తిరిగినన్నాళ్ళూ ఒంట్లో బాలేదా అని అడిగేవాళ్ళు. అదే చొక్కా పక్కలు పట్టించి వేసుకెళ్తే జిమ్ముకెళ్తున్నావా అన్నారు!

కానీ ధైర్యం టైలర్ కుట్టిచ్చేది కాదు కదా. షాపులో చెయ్యి ఇప్పటికీ పాత సైజు వైపే పోతుంది, ట్రయల్ రూంలో సరిగ్గా పట్టిన చొక్కా కూడా నాకు టైటుగానే అనిపించేది, ఎందుకంటే ఇన్నేళ్ళూ బట్ట అంటే నాకు దాక్కోడానికే, ఒంటికి తగిలితే చాలు ఏదో బయటపడిపోయినట్టు ఉండేది. అద్దంలో చూస్తే కళ్ళు తిన్నగా పొట్ట మీదకే పోతాయి, అందుకని పక్కనుంచీ వెనకనుంచీ ఫోటోలు తీయించుకుని మర్నాడు చూసేదాన్ని, అది బాగా పనిచేసింది. రంగుల సంగతైతే ఇంకా తేలలేదు. ఇంతకుముందు నా సైజులో ఏది దొరికితే అదే నాకిష్టం, అదీ ఎక్కువగా నలుపే, ఇప్పుడు అన్నీ పడుతుంటే నాకేం నచ్చుతుందో నాకే తెలీట్లేదు. ఆకుపచ్చ ఒకటి మాత్రం నచ్చింది, టక్ చేసి బెల్టు పెట్టి వేసుకుంటున్నా.

చర్మం వదులైనవాళ్ళు పల్చటి సాగే టీషర్టుల జోలికి పోకపోవడమే నయం, ప్రతి మడతా కనిపిస్తుంది, కాస్త మందపాటి కాటన్ అయితే ఒంటికి అంటుకోకుండా నిలబడుతుంది. లోపలి బట్టలు మాత్రం మొదటే మార్చేయండి, అవి లూజైతే పైన ఎంత మంచిదేసినా కుదరదు.

బరువు ఇంకా తగ్గుతూనే ఉంటే అన్నీ ఒకేసారి చేయించకుండా రోజూ వాడేవి రెండు మూడు చాలు. కుట్టు లోపల మిగిలే మార్జిన్ గుడ్డ కత్తిరించొద్దని టైలర్‌కి ముందే చెప్పండి. మధ్యలో నేను కాస్త ఒళ్ళొచ్చినప్పుడు ఒక ప్యాంటు మళ్ళీ వదులు చేయించాల్సొచ్చింది, లోపల గుడ్డ ఉంది కాబట్టి కుట్టు విప్పితే సరిపోయింది.